సెలవుల్లో పిల్లలతో బొమ్మలు చేయించడం దండగ కాదు: ఆ మెసేజ్‌కు నా జవాబు

ఏప్రిల్ చివర్లో బడులు మూయగానే ఒక వాట్సాప్ మెసేజ్ చక్కర్లు కొట్టడం మొదలవుతుంది. ఈ ఏడాది నాకు 5 గ్రూపుల్లో వచ్చింది. చివరికి గుంటూరు నుంచి మా చెల్లెలు కూడా పంపి, "అక్కా, ఇందులో నిజముందా?" అని అడిగింది.

అందులో ఉన్నది ఇదీ. చిన్నపిల్లలతో ఇంట్లో కాగితం బొమ్మలు, మట్టి బొమ్మలు చేయిస్తే చదువు రాదు. సామాన్లకు డబ్బు తగలేయాలి. తల్లికి రోజంతా చాకిరీ. పిల్లలు చేసేవి ఎలాగూ వంకరటింకరగా ఉంటాయి, దానికన్నా రెడీమేడ్ కిట్ కొనడం మేలు. కత్తెరలు, గింజలు ప్రమాదం. కాబట్టి ఫోన్‌లో చదువు వీడియోలు పెట్టి, ఎక్కాలు, స్పెల్లింగులు రాయిస్తే పై క్లాసుకు పనికొస్తుంది.

నేను విజయవాడలో ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు 19 ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఆ మెసేజ్ ఎవరు రాశారో తెలియదు. అది చదివి టెన్షన్ పడిన తల్లులు మాత్రం నాకు బాగా తెలుసు. వాళ్ల కోసం ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందుగా, చదువు రాదన్న మాట.

నాలుగేళ్ల పిల్లాడికి పెన్సిల్ ఇస్తే పిడికిలి బిగించి పట్టుకుంటాడు. పది నిమిషాలు రాయిస్తే "చెయ్యి నొప్పి టీచర్" అంటాడు. బద్ధకం అనుకుని గదమాయిస్తాం. కానీ ఆ నొప్పి నిజం. మన మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలే కావు, మెత్తటి మృదులాస్థి. ఏళ్లు గడిచేకొద్దీ ఒకటొకటిగా గట్టిపడతాయి. ఎల్‌కేజీ వయసులో ఇంకా కొన్ని మెత్తగానే ఉంటాయి. ఆ చేతికి కావలసింది నాలుగు గీతల పుస్తకంలో పేజీల కొద్దీ రాత కాదు. పిండి పిసకడం, కాగితం చింపడం, దారం గుచ్చడం, చింతపండులో గింజ తీయడం. బొటనవేలు, చూపుడువేలు కలిసి పనిచేయడం అక్కడే అలవాటవుతుంది. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే నేను పిల్లల వేళ్లు చూసి చెప్పగలను, ఎవరు సెలవుల్లో చేతులతో ఆడుకున్నారో.

లెక్కల సంగతీ అంతే. గుక్క తిప్పుకోకుండా వంద దాకా అప్పజెప్పే పిల్లలు ప్రతి ఏడాదీ నా క్లాసులో ఉంటారు. "ఏడు గింజలు తీసి ఇవ్వమ్మా" అంటే తొమ్మిది ఇస్తారు. నోటికి అంకెలు వచ్చాయి, వేలికి రాలేదు. అదే పిల్లని వామనగుంటల ముందు కూర్చోబెట్టండి. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, చేతిలో చింతగింజలు. గుంటకొకటి చొప్పున జారవిడుచుకుంటూ పోవాలి. ఒక గుంట వదిలేసినా, ఒకదానిలో రెండు పడినా ఎదుటివాళ్లు ఊరుకోరు. ఒక అంకెకు ఒక వస్తువు అన్న లెక్క నాలుగు రోజుల్లో వేళ్లలోకి దిగుతుంది. అట్ట మీద గుంటలు గీసుకున్నా చాలు, నేలను తవ్వక్కర్లేదు.

ఇది నా ఒక్కదాని మాట కాదు. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటే చదువు కావాలంది. 2023 ఫిబ్రవరిలో ఎన్‌సీఈఆర్‌టీ (బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ) ఆ వయసు పిల్లల కోసం 'జాదూయీ పిటారా' అని ఒక పెట్టె తెచ్చింది. అందులో ఉన్నవి తోలుబొమ్మల్లా ఆడించే బొమ్మలు, పజిళ్లు, ఆటవస్తువులు.

ఇక డబ్బు. ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది. వేసవిలో మన ఇళ్లలో ఉన్నంత సరుకు మరే కాలంలోనూ ఉండదు. కొత్త చింతపండు ఒలిచే రోజులు, అంటే గింజలు గిన్నెల కొద్దీ. రసాలు తిన్నాక మిగిలే టెంకలు. మల్లెపూలు, కొబ్బరాకులు, పాత పెళ్లి శుభలేఖలు. కొనాల్సింది మొన మొద్దుగా ఉండే చిన్న కత్తెర ఒకటి, నాలుగు చార్టులు.

జిగురు కూడా కొనక్కర్లేదు. ఒక కప్పు మైదా, నాలుగు కప్పుల నీళ్లు ఉండలు లేకుండా కలిపి సన్నని మంట మీద తిప్పుతూ ఉడికించండి. తెల్లటి పిండి కాస్త నిగనిగలాడి గరిటెకు పట్టుకోగానే దించేయండి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులుంటుంది. ఒక్క జాగ్రత్త: గోడ పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా దీనిలో మైలతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లల జిగురులో వద్దే వద్దు.

బజారులో రంగురంగుల డబ్బాల్లో అమ్మే పిండి బొమ్మల ముద్ద కూడా ఇంట్లోదే. రెండు కప్పుల గోధుమపిండి, ఒక కప్పు ఉప్పు, ఒక చెంచా నూనె, చపాతీ ముద్దలా గట్టిగా కలపడానికి సరిపడా నీళ్లు. పసుపు వేస్తే పచ్చన, బీట్‌రూట్ రసం వేస్తే గులాబీ. ఉప్పు ఎక్కువ కాబట్టి తినే పదార్థం కాదని పిల్లలకు ముందే చెప్పాలి.

పసుపు అంటే గుర్తొచ్చింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. తెల్లకాగితం మీద చిక్కటి పసుపునీళ్లు దూదితో పూసి ఆరబెట్టండి. సబ్బునీళ్లలో ముంచిన పుల్లతో పిల్లల్ని దాని మీద బొమ్మ గీయమనండి. పుల్ల వెళ్లిన దారంతా ఎర్రగా మారిపోతుంది. మొన్న మా చెల్లెలి కొడుకు, అయిదున్నరేళ్లవాడు, పుల్ల వదిలేసి నా మొహం చూశాడు. "పెద్దమ్మా, ఎరుపు ఎక్కడ దాక్కుంది?" అన్నాడు. నిమ్మచెక్క ఇచ్చి ఆ ఎర్రగీత మీద పిండమన్నాను. మళ్లీ పసుపు! మధ్యాహ్నం దాకా నాలుగు కాగితాలు అయ్యాయి. సాయంత్రం పొరుగింటి పసిబిడ్డకు దిష్టి తీయడానికి వాళ్ల నానమ్మ పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడ్డాయి కదా, వీడు పరుగెత్తుకొచ్చి "సబ్బు వేసిందా ఆవిడ?" అని అడిగాడు. కాదు, సున్నం అని చెప్పాను. సబ్బూ సున్నమూ పసుపుకు ఒకే పని చేస్తాయని అయిదున్నరేళ్ల పిల్లాడు పోల్చుకున్నాడు. ఇది చదువు కాకపోతే ఏది చదువో ఆ మెసేజ్ రాసినవాళ్లు చెప్పాలి. (సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. కంట్లో పడితే చాలా ప్రమాదం.)

తల్లికి చాకిరీ అన్న మాటను తేలిగ్గా కొట్టిపారేయను. బీసెంట్ రోడ్డు బట్టల షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి ఇంటికొచ్చే అమ్మని బొమ్మలు చేయించలేదేమని అడగడం తప్పు. ఆమె ఎవరికీ ఏ సంజాయిషీ చెప్పక్కర్లేదు. కానీ ఇది తల్లి ఒక్కతే చేయించాలని ఎవరన్నారు? తాతయ్య కొబ్బరాకుతో బూర చేయగలడు, వాచీ అల్లగలడు. నానమ్మకు గవ్వలాటలు అన్నీ వచ్చు. నాన్న ఆదివారం ఒక గంట కూర్చుంటే ఆయనకేమీ తక్కువ కాదు. పైగా వేరే టైం తీయక్కర్లేని పనులే ఎక్కువ. మీరు కందిపప్పు ఏరుతుంటే పక్కన చిన్న పళ్లెంలో పెసలూ శనగలూ కలిపి వేరుచేయమనండి. మల్లెపూలు మాల కడుతుంటే పూలు జతలుగా అందించమనండి. రోజుకు అరగంట చాలు. ఇరవై నిమిషాలకే పిల్లలు లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి.

వంకరటింకరగా ఉంటాయన్నది నిజమే. వంకరగానే ఉండాలి.

మన బడుల్లో కొన్ని చోట్ల ప్రాజెక్టు వర్క్ అని ఇస్తారు. నేను ఇదివరకు పనిచేసిన ఒక బడిలో యూకేజీ పిల్లలకు వినాయకుడి బొమ్మ చేసుకురమ్మన్నారు. ముప్పై బొమ్మలొచ్చాయి. ఇరవై తొమ్మిది అచ్చులో పోసినట్టున్నాయి, బంగారు రంగు, ముత్యాల దండలు. ఒక్కటి మాత్రం బంకమట్టి ముద్ద. తొండం పొట్టకన్నా లావు, చెవి ఒకటే. రెండో చెవి ఏదమ్మా అంటే ఆ పిల్ల "అటువైపు ఎలుక మాట్లాడుతోంది, వినడానికి వంచాడు" అంది. నిజంగానే అటువైపు చెవి మడతపెట్టి తలకు అదిమేసింది. ప్రైజు ముత్యాల దండకు పోయింది. ఆ పిల్ల మళ్లీ ఎప్పుడూ మట్టి ముట్టుకోలేదు. అప్పుడు నేను గట్టిగా మాట్లాడాల్సింది, మాట్లాడలేదు. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కిట్‌లో అన్నీ కత్తిరించే ఉంటాయి, అంకె ప్రకారం అంటించడమే. తప్పు చేసే వీలుండదు. తప్పు చేసే వీలు లేని చోట పిల్లలు నేర్చుకునేదేముంటుంది? ముంజకాయల బండి తీసుకోండి. ముంజలు తీసేసిన రెండు కాయలు, వాటి మధ్య జానెడు పుల్ల ఇరుసుగా. పంగల కర్రతో ఆ ఇరుసును నెట్టుకుంటూ పరుగెత్తడమే. మొన్న మా చెల్లెలి కొడుకే ఒక పెద్దకాయ, ఒక చిన్నకాయ ఏరుకున్నాడు. నాకు తెలుసు, అయినా నోరు మెదపలేదు. బండి తిన్నగా పోకుండా చిన్నకాయ వైపు తిరిగిపోయింది. మళ్లీ నెట్టాడు, మళ్లీ అటే. కాయలు అటూ ఇటూ మార్చాడు, ఈసారి ఇటు తిరిగింది. కాసేపు కింద కూర్చుని రెండు కాయలూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఏమీ అనకుండా వెళ్లి మూడో కాయ తెచ్చుకున్నాడు. ఆ కూర్చున్న కాసేపు ఉంది చూశారా, అది ఏ కిట్‌లోనూ రాదు.

కొండపల్లి మనకు పక్కనే ఉంది. ఆ బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారని, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతుకుతారని ఇంటికొచ్చిన చుట్టాలకు గొప్పగా చెబుతాం. అవే చింతగింజలు మన పిల్లల చేతికి ఇవ్వడం మాత్రం టైం వేస్ట్ అంటే ఎలా?

ప్రమాదం గురించి రాసినదాంట్లో కొంత నిజముంది, దాన్ని ఒప్పుకోవాలి. మూడేళ్లలోపు పిల్లల దగ్గర చింతగింజలు, శనగలు, పూసలు, గోళీలు పెట్టకూడదు. గొంతుకు అడ్డం పడతాయి. ముక్కులో దూర్చుకుంటే శనగ తడికి ఉబ్బి ఇరుక్కుంటుంది. ఇంట్లో లాగడానికి ప్రయత్నించకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మూడు దాటినవాళ్లతో కూడా పెద్దవాళ్లు పక్కనుండాలి, ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేయాలి. గురివింద గింజలు ఎంత ముద్దుగా ఉన్నా ఏ వయసు పిల్లలకూ ఇవ్వకండి. నమిలితే ప్రాణం మీదకొస్తుంది. బొమ్మ వాచీల్లో, లైటు బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీలు కూడా అంతే. కానీ ప్రమాదం ఉందని అన్నీ మానిపిస్తే వంటింట్లోకే రానివ్వకూడదు. కత్తెర కూర్చునే పట్టుకోవాలని, ఎదుటివాళ్లకు ఇచ్చేటప్పుడు పిడి అటువైపు తిప్పాలని నా నాలుగేళ్ల పిల్లలు వారంలో నేర్చుకుంటారు.

ఫోన్ వీడియోల సంగతి ఎక్కువ రాయను. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఏడాదిలోపు వాళ్లకు అసలే వద్దంది.

ఎక్కాలు రాయించాలనుకుంటే ఒకటో రెండో రాయించండి, నేను వద్దనను. బయట 43 డిగ్రీలు కాస్తుంటే పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లలు ఇంట్లోనే ఉండాలి కదా. ఆ అయిదు గంటల్లో పావుగంట ఎక్కాలకు పోయినా బోలెడు మిగులుతుంది.

మా చెల్లెలికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. "సరే అక్కా, రేపు ఏంతో మొదలుపెట్టను?" అంది. మీరూ అదే అడిగితే, పీచు ఎక్కువున్న రసం టెంకతో మొదలుపెట్టండి. బాగా కడిగి మేడ మీద మూడు నాలుగు రోజులు ఎండనివ్వండి. పీచు జుట్టులా లేచి నిలబడ్డాక పాత దువ్వెన ఒకటి పిల్లల చేతికివ్వండి. కళ్లూ ముక్కూ వాళ్లనే గీయనివ్వండి. పేరు కూడా వాళ్లనే పెట్టనివ్వండి. ముంజలు కొనేటప్పుడు బండివాణ్ని అడిగి, ఒలిచేసిన కాయలు ఒక రెండు కాదు, మూడు తెచ్చుకోండి.