సంఘం బలపడాలంటే నేతగాడు తప్పుకోవాలి

చేతివృత్తుల సహకార సంఘాలను బలోపేతం చేయడం ఎలా అన్న విషయం మీద ఈమధ్య అనంతపురంలోని ఒక హోటల్లో జరిగిన సదస్సుకు నేనూ వెళ్లాను. భోజనానికి ముందు ఆరుగురు, తర్వాత నలుగురు మాట్లాడారు. అందరినీ శ్రద్ధగా విన్న మీదట నాకు బోధపడినదేమంటే, ఇన్ని పథకాలు పెట్టినా సంఘాలు బలపడకుండా అడ్డుపడుతున్నది నేతగాడు ఒక్కడే. ఆయన పట్టు కావాలంటాడు, జరీ కావాలంటాడు, నేసిన చీరకు మజూరీ కూడా కావాలంటాడు. వానలు పడితే మగ్గం గుంతలో నీళ్లూరాయని పని ఆపేస్తాడు. కాబట్టి ఆయనను సగౌరవంగా పక్కకు తప్పించి, సంఘాన్ని నిశ్చింతగా నడుపుకోవాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

ఇది వింతగా తోస్తే తప్పు నాది కాదు. ఈ దారిలో మనం ఇప్పటికే చాలా దూరం వచ్చేశాము. మరమగ్గాలు ముట్టుకోకూడదని 1985 నాటి చట్టం కింద మొదట 22 రకాల బట్టలను చేనేతకు కేటాయించి, తర్వాత వాటిని 11కు తగ్గించారు. ఆ 11 రకాలనైనా మరమగ్గం గౌరవించిందా అంటే, ధర్మవరం వీధుల్లో ఎవరినడిగినా నవ్వుతారు. రోజుల తరబడి గుంతలో కాళ్లు పెట్టుకుని నేసిన చీర ఇంకా మగ్గం దిగకముందే, దాని నమూనా మరమగ్గమెక్కి, అదే ఊరి పేరుతో, తక్కువ ధరకు దుకాణంలో కూర్చుంటుంది. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది కదా అని మీరడగవచ్చు. గుర్తింపు చీరకు వచ్చింది, నేసినవాడికి కాదు.

1992 నుంచి ఉన్న అఖిల భారత చేనేత బోర్డును 2020 జులై 27న రద్దు చేశారు. జాతీయ చేనేత దినోత్సవం ఆగస్టు 7న వస్తుంది గనుక, పండుగకు సరిగ్గా 11 రోజుల ముందు అన్నమాట. పండుగ ముందు ఇంట్లోని పాత సామాను బయట పడేయడం మన ఆనవాయితీయే కాబట్టి ఇందులో ఆక్షేపించవలసినది నాకేమీ కనిపించలేదు.

ఇక 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం నా వాదానికి గట్టి ఆధారం. అందులో 18 వృత్తులకు శిక్షణ, 15,000 రూపాయల పనిముట్లు, 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. ఆ జాబితాలో బట్టలు కుట్టేవారున్నారు, ఉతికేవారున్నారు, నేసేవారు లేరు. చేనేతకు వేరే పథకాలున్నాయని అధికారులు చెబుతారు, అది నిజమే. అయినా గుడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో అడగకుండానే దాన్ని కత్తిరించి, కుట్టి, ఉతికి ఆరేయవచ్చునన్న ఆలోచనలో ఒక తాత్విక ప్రశాంతత ఉంది. 2019-20 చేనేత గణనలో సుమారు మూడింట రెండు వంతుల కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే అని తేలింది. పాపం, తప్పుకోవడానికి నేతగాళ్లు కూడా సిద్ధంగానే ఉన్నారు.

అసలు సహకార సంఘం నడక గమనించినవారికి నా మాట సులభంగా అర్థమవుతుంది. సంఘం బ్యాంకులో అప్పు తెచ్చి నూలు కొంటుంది, సభ్యులకిచ్చి నేయిస్తుంది, నేసిన సరుకును పైనున్న పెద్ద సంస్థకు పంపుతుంది, పంపిన తర్వాత బిల్లు కోసం ఎదురు చూస్తుంది. బిల్లు రాదు, వడ్డీ ఆగదు, కొత్త నూలుకు డబ్బుండదు, సభ్యుడు షావుకారు దగ్గర కూలి మగ్గానికి పోతాడు. ఈ చక్రంలో బ్యాంకు నడుస్తుంది, పెద్ద సంస్థ నడుస్తుంది, తనిఖీ నడుస్తుంది, ఏటా ఆడిట్ కూడా నడుస్తుంది. ఆగిపోయేది మగ్గం ఒక్కటే. ఆగిపోయే భాగాన్ని తీసేస్తే యంత్రం సాఫీగా తిరుగుతుందని ఏ మెకానిక్కయినా చెబుతాడు.

ఈ అపార్థానికంతటికీ మూలం కర్నూలు జిల్లాలో ఉంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టి, నేసేవారి కోసమే సంఘమన్న పాత అభిప్రాయాన్ని జనంలో నాటారు. పైగా 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చి ఆ అభిప్రాయాన్ని ప్రోత్సహించారు కూడా. అప్పట్లో నిపుణులు, కన్సల్టెంట్లు ఇంతమంది లేరు గనుక ఆ పొరపాటును క్షమించవచ్చు.

(నేతనే అనుకోకండి. ధర్మవరం పక్కనే ఉన్న నిమ్మలకుంటలో రామాయణమంతా ఆడిన తోలుబొమ్మలు ఇప్పుడు పట్నాల్లో దీపాల చుట్టూ గొడుగులై వేలాడుతున్నాయి. దాన్ని వైవిధ్యీకరణ అంటారట. తెర లేకపోయినా వెలుగుకు లోటు లేదు.)

సదస్సులో అందరికీ తలా ఒక సంచి ఇచ్చారు. చేనేత మీద ప్రేమను చాటే నినాదం దాని మీద పెద్ద అక్షరాల్లో ఉంది. సంచి గుడ్డ మాత్రం నాన్‌వోవెన్, అంటే ఏ మగ్గం మీదా నేయనిది. నా ప్రతిపాదనను నిర్వాహకులు నాకన్నా ముందే అమలు చేశారని తెలిసి కొంచెం చిన్నబోయాను.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. నిధులు విడుదల కావాలంటే లబ్ధిదారులు హాజరైనట్టు సంతకాలుండాలి. అందుకోసం ధర్మవరం నుంచి ఒక పెద్దాయనను పిలిపించి వెనక వరుసలో కూర్చోబెట్టారు. ఎనిమిదో ఉపన్యాసం మధ్యలో ఆయన లేచి, “అదంతా బాగుంది గానీ సార్, మా సంఘానికి పట్టు ఎప్పుడిస్తారు?” అన్నాడు. ప్రశ్నలు చివర్లో తీసుకుంటామని, అంతవరకు కూర్చోమని మర్యాదగా చెప్పారు. ఆయన కాసేపు గడియారం చూసి, బయట బల్ల దగ్గర రెండు కాగితాల మీద సంతకం పెట్టి, సంచిని కుర్చీలోనే వదిలేసి, మూడున్నర బస్సుకు వెళ్లిపోయాడు.