హార్స్‌పవర్ అడిగే ముందు గేర్‌బాక్స్ సంగతి అడగండి

ఇంజిన్ స్వాప్, అంటే కారులో ఉన్న ఇంజిన్ తీసి వేరే బండి ఇంజిన్ పెట్టడం గురించి ఎవరు మాట్లాడినా మొదటి ప్రశ్న ఒకటే: "నా కారులో పట్టే ఇంజిన్లలో ఎక్కువ పవర్ దేనికి?" ఈ ప్రశ్న చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. సగంలో ఆగిపోయి, బానెట్ ఊడదీసి, టార్పాలిన్ కప్పి పడి ఉన్న కార్లలో చాలావాటి కథ ఇక్కడే మొదలవుతుంది. ముందు పవర్ చూసి ఇంజిన్ కొనేస్తారు. తర్వాత దానికి గేర్‌బాక్స్ వెతుకుతారు. ఆ తర్వాత వైరింగ్, ఆ తర్వాత ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ. కళ్లెం దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇంజిన్‌ని విడిగా ఎంచుకోకండి. ఇంజిన్, గేర్‌బాక్స్ ఫ్యాక్టరీలో బిగించిన జతగానే తీసుకోండి, వీలైతే నడుస్తున్న కారునే మొత్తంగా కొనండి. హార్స్‌పవర్ అంకె అన్నిటికన్నా చివర చూడండి.

అందరికీ తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. జనరల్ మోటార్స్ ఎల్ఎస్1 ఇంజిన్ 1997లో కార్వెట్ కారుతో వచ్చింది. 5.7 లీటర్ల వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు), అల్యూమినియం బ్లాక్, 345 హార్స్‌పవర్. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ బ్లాక్ లోపలే ఉంటుంది కాబట్టి హెడ్లు చిన్నవి, వెడల్పు తక్కువ, అందుకే చిన్న కార్లలోకి కూడా దూరుతుంది. "ఎల్ఎస్ వేసెయ్" అని ఎవరైనా అనేస్తారు. కానీ ఏ బండిలోంచి తీసిన ఎల్ఎస్? ఆ కార్వెట్‌లో గేర్‌బాక్స్ ఇంజిన్‌ని ఆనుకుని ఉండదు, బండి వెనక, చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌తో కలిసి ఉంటుంది. మామూలు రియర్ వీల్ డ్రైవ్ కారులో అది మన పనికి రాదు. అదే ఇంజిన్ 1998లో కమారోలోకి వచ్చినప్పుడు టీ56 ఆరు గేర్ల బాక్స్ నేరుగా ఇంజిన్ వెనకే బిగించి ఉంది. స్వాప్ చేసేవాడికి కావలసింది ఆ రెండో బండి. ఇక చవగ్గా దొరుకుతుందని పికప్ ట్రక్కు 5.3 లీటర్ల ఇంజిన్ తెచ్చారనుకోండి, వాటిలో చాలావరకు ఐరన్ బ్లాకులే. బరువు అటుంచితే, ఇంటేక్ మానిఫోల్డ్ ఎత్తుగా ఉండి బానెట్ మూసుకోదు, అడుగున ఆయిల్ నిలిచే సంప్ లోతుగా ఉండి కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్‌కి తగులుతుంది. ఒకే కుటుంబానికి చెందిన ఇంజిన్లే, కానీ తెచ్చిన బండిని బట్టి పని మొత్తం మారిపోతుంది.

నిస్సాన్ ఆర్‌బీ26 ఇంజిన్ కూడా అంతే. అది వచ్చే స్కైలైన్ జీటీ-ఆర్ కారు ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ముందు డిఫరెన్షియల్ ఆ ఇంజిన్ సంప్‌తోనే కలిసి ఉంటుంది. రియర్ వీల్ డ్రైవ్ కారులో పెట్టాలంటే ముందు ఆ సంప్ మార్చాలి. పవర్ అంకెలో ఇవేవీ కనపడవు.

గేర్‌బాక్స్ అంటే పళ్ల చక్రాలు పెట్టిన డబ్బా అనుకునేవాళ్లు ఒక చిన్న లెక్క వేయండి. చక్రం ఒక చుట్టుకు 1.8 మీటర్లు వెళ్తుందనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి సుమారు 926 చుట్లు తిరుగుతుంది. ఫైనల్ డ్రైవ్ (డిఫరెన్షియల్ పళ్ల నిష్పత్తి) 4.1, టాప్ గేర్ నిష్పత్తి 0.8 ఉన్న పెట్రోల్ కారులో అప్పుడు ఇంజిన్ దాదాపు 3,040 ఆర్పీఎం దగ్గర ఉంటుంది. 6,500 దాకా తిరిగే పెట్రోల్ ఇంజిన్‌కి అది సుఖమే. అదే గేర్‌బాక్స్‌కి, అదే డిఫరెన్షియల్‌కి 4,500కే ఊపిరి అయిపోయే డీజిల్ తగిలించండి. మొదటి గేర్ వేసీవేయగానే రెండోది వేయాలి, హైవే మీద చెవులు హోరెత్తుతాయి. 3.3 ఫైనల్ డ్రైవ్, 0.7 టాప్ గేర్ ఉంటే అదే వేగంలో అదే డీజిల్ 2,140 దగ్గర హాయిగా తిరుగుతుంది. ఇంజిన్ మారలేదు, టార్క్ మారలేదు. మారింది పళ్ల లెక్క ఒక్కటే.

జత కలపని ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య అడాప్టర్ ప్లేటు వేసి బిగించవచ్చు, కాదనను. హోండా కే24 ఇంజిన్‌ని మాజ్దా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారు గేర్‌బాక్స్‌కి కలిపే కిట్లు దొరుకుతున్నాయి, బాగానే నడుస్తున్నాయి కూడా. కానీ అక్కడ ఇన్‌పుట్ షాఫ్ట్ పొడవు, క్లచ్ ప్లేటు స్ప్లైన్లు (షాఫ్ట్‌ని పట్టుకునే గాడులు), షాఫ్ట్ కొన ఆనే పైలట్ బేరింగ్ సైజు, స్టార్టర్ స్థానం అన్నీ ఎవరో ముందే కొలిచిపెట్టారు. మీరు సొంతంగా చేస్తే ఆ కొలతలన్నీ మీవే. ఒక్కటి గమనించండి: గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి ఆనించినప్పుడు గేర్‌బాక్స్ ముందు భాగమైన బెల్‌హౌసింగ్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య సందు చేత్తో నెడితేనే మూసుకోవాలి. మూసుకోకపోతే దాన్ని బోల్టులతో లాగి దగ్గరికి తేవద్దు. షాఫ్ట్ పొడవు ఎక్కువై క్రాంక్‌కి పొడుచుకుంటుంటే, ఆ బిగింపుతో క్రాంక్‌ని ముందుకూ వెనక్కూ జరగనివ్వని థ్రస్ట్ బేరింగ్ పోతుంది. ఆటోమేటిక్ అయితే క్లచ్ బదులు ఉండే టార్క్ కన్వర్టర్ లోపలిదాకా కూర్చోకపోతే గేర్‌బాక్స్ పంపు పగులుతుంది.

వైరింగ్ దగ్గర నా కోపం ఇంకా ఎక్కువ. స్క్రాప్ యార్డుల్లో ఇంజిన్ దింపేటప్పుడు వైర్ల కట్టని, అంటే హార్నెస్‌ని, కట్టర్‌తో కత్తిరించేస్తారు. కనెక్టర్ విప్పడానికి పట్టేది క్షణమే, అది కూడా చేయరు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న ఇంజిన్‌కి దాని యాక్సిలరేటర్ పెడల్ కావాలి. ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని ఆపే ఎలక్ట్రానిక్ తాళం) ఉంటే ఈసీయూకి తన తాళంచెవి కావాలి, చాలా బళ్లలో బాడీ మాడ్యూల్ అనే ఇంకో కంప్యూటర్ కూడా కావాలి. ఇవి ఒక్కొక్కటీ ఒక్కో కారులోంచి ఏరుకుని తెస్తే ఇంజిన్ స్టార్ట్ అయి వెంటనే ఆగిపోతుంది, లేదా అసలు స్టార్టే అవదు. కంపెనీది కాకుండా విడిగా కొనే స్టాండలోన్ ఈసీయూ పెట్టుకోవచ్చు, నిజమే, కానీ చల్లటి ఉదయాన ఒక్క సెల్ఫ్‌కి స్టార్ట్ అయ్యేలా దాన్ని ట్యూన్ చేయడం తెలిసినవాళ్లు తక్కువ.

నడుస్తున్న కారే కొనమనడానికి అసలు కారణం ఇదే. దాన్ని నడిపి చూడొచ్చు. ఏ గేరు జారుతోందో, ఏ గేరు కరకరమంటోందో తెలుస్తుంది. ఇంజిన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయొచ్చు. అంకె ఎంతుందన్నదానికన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, పది శాతం దాటితే అనుమానించండి. నేల మీద పడి ఉన్న ఇంజిన్ గురించి అమ్మేవాడి మాట తప్ప మీకు ఇంకేం తెలియదు.

రేడియేటర్, బ్రేకులు, ఫ్యూయల్ లైన్ గురించి అందరూ చెప్తారు, నేను మళ్లీ చెప్పను. వెనక డిఫరెన్షియల్‌ని మాత్రం మర్చిపోకండి. 1.6 లీటర్ల తొలి మియాటాల్లో డిఫరెన్షియల్ చిన్నది. దానికి రెట్టింపు టార్క్ ఇస్తే ఎక్కువ కాలం ఉండదు, 1.8 మోడల్‌ది పెద్దది. ఇంజిన్ మార్చాక రిజిస్ట్రేషన్ ఒప్పుకుంటుందా, పొగ పరీక్షలో ఏ సంవత్సరం ఇంజిన్‌గా లెక్కిస్తారు అన్నవి మీ ప్రాంత నిబంధనలను బట్టి ఉంటాయి. కొనే ముందే కనుక్కోండి.

ఇప్పటికే ఒట్టి ఇంజిన్ కొనేసినవాళ్లు ఒక పని చేయండి. దాని మీది నంబర్‌ని బట్టి అది ఏ మోడల్, ఏ సంవత్సరం బండిదో తేల్చుకోండి. అదే మోడల్ కారు, వెనక నుంచి గుద్దేసింది, ముందు భాగం చెక్కుచెదరనిది ఎక్కడైనా అమ్మకానికి ఉందేమో చూడండి. గేర్‌బాక్స్, హార్నెస్, ఈసీయూ, పెడల్, తాళంచెవి అన్నీ దాంట్లోనే ఉంటాయి. విడివిడిగా కొనడం మొదలుపెట్టక ముందే వెతకండి.