పొయ్యిలో మంచం

ఆదివారం, పొద్దున్న పదకొండు. హాల్లో కంప్యూటర్ ముందు లలిత. పేపరు చాటున ప్రసాద్. వంటింట్లో పప్పుచారు మరుగుతోంది.

లలిత: ఏవండీ, ఒకసారి ఇలా రండి.

ప్రసాద్: పేపరు చదువుతున్నా.

లలిత: అది నిన్నటి పేపరు. రండి. ఇదిగో, ఈ ఇల్లు ఎవరిది?

ప్రసాద్: నీదే. స్కైరిమ్ ఆటలో, వైట్‌రన్ ఊళ్లో. బ్రీజ్‌హోమ్.

లలిత: ఐదు వేల బంగారు నాణేలు పోసి కొన్నాను. రాత్రిళ్లు కూర్చుని ఇనప బాకులు కొట్టి, అమ్మి, కూడబెట్టి కొన్నాను. ఇప్పుడు చెప్పండి, నా మంచం ఎక్కడుంది?

ప్రసాద్: కింద.

లలిత: కింద అంటే?

ప్రసాద్: (చిన్నగా) పొయ్యిలో.

లలిత: పొయ్యిలో! మంట నడిమధ్యన పరుపు, దాని మీద చక్కగా తలగడ. ఆ అలమర చూడండి, సగం గోడలో, సగం గాల్లో. మా ఆయనైతే మెట్ల కింద ఇరుక్కుపోయి అరగంట నుంచీ నడుస్తూనే ఉన్నాడు. అడుగు ముందుకు పడదు.

ప్రసాద్: మీ ఆయన ఇక్కడున్నాడు.

లలిత: నేను ఆటలో పెళ్లాడిన ఫర్కాస్ సంగతి చెబుతున్నా.

ప్రసాద్: ఓహో, ఆయనా.

లలిత: ఆ, ఆయనే. పెళ్లయిన దగ్గర్నుంచీ రోజూ వండి పెడుతున్నాడు. కొట్టు నడిపి రోజుకి వంద నాణేలు చేతిలో పెడుతున్నాడు. అలాంటి మనిషిని తీసుకెళ్లి మెట్ల కింద కుక్కారు మీరు. అసలేం చేశారు?

ప్రసాద్: నువ్వు ఆడి దాచుకున్న సేవ్ జోలికి నేను పోలేదు, ఒట్టు. ఆటని మార్చేందుకు బయటివాళ్లు చేసిన మాడ్ ఒకటి, ఇల్లు కాస్త పెద్దది చేసేది, నా ఆట కోసం పెట్టుకున్నాను. అది అంత నచ్చలేదు. ఇంకోటి పెట్టుకున్నాను.

లలిత: మొదటిది తీసేశారా?

ప్రసాద్: ఎలా తీయను? ఏ ఫైలు దేనిదో తెలిస్తే కదా. జిప్ విప్పి ఆట డేటా ఫోల్డర్‌లో పోసేశాను.

లలిత: చేత్తోనా?

ప్రసాద్: మౌస్‌తో.

లలిత: కందిపప్పు డబ్బాలో పెసరపప్పు పోసి, పైన మినప్పప్పు పోసి, ఇప్పుడు ఏరుకోమంటారా నన్ను?

ప్రసాద్: ఏరక్కర్లేదు. ఆట కొన్న స్టీమ్‌లో వెరిఫై అని ఉంటుంది. కొడితే మళ్లీ కొత్తదైపోతుంది.

లలిత: అవదు. ఆటకి చెందిన ఫైళ్లు పాడైతే అవి తిరిగొస్తాయి, అంతే. బయట్నుంచి మనం తెచ్చి పడేసినవి ఎక్కడివక్కడే ఉంటాయి. పండక్కొచ్చిన చుట్టాల్లాగా.

ప్రసాద్: ఎవరి తరఫు చుట్టాలు?

లలిత: ఆ గొడవ సంక్రాంతికి పెట్టుకుందాం. ముందు వెళ్లి ఆ చారు చూసి రండి, పొంగేలా ఉంది.

(ప్రసాద్ వంటింట్లోకి వెళ్తాడు. గరిటె చప్పుడు, ఏదో డబ్బా మూత చప్పుడు. వస్తాడు.)

ప్రసాద్: ఇంతకీ నాకర్థం కానిదొకటి. రెండు మాడ్‌లు పెడితే ఆఖర్న లోడయిందే నెగ్గుతుందంటారుగా. మరి మంచం పొయ్యిలోకి ఎలా వచ్చింది?

లలిత: ఆటలో ముందే ఉన్న గోడనో తలుపునో ఇద్దరూ మార్చారనుకోండి, అప్పుడు ఆఖరివాడి మాటే చెల్లుతుంది. కానీ ఇద్దరూ కొత్తగా సామాను తెచ్చి పెట్టారనుకోండి, రెండు సామాన్లూ ఉంటాయి. ఒక మేస్త్రీ ఇక్కడ పొయ్యి కట్టాడు. రెండోవాడికి ఆ కబురు తెలీదు, తన లెక్క ప్రకారం అదే చోట మంచం వేశాడు. ఎవరి తప్పూ లేదు.

ప్రసాద్: హమ్మయ్య.

లలిత: మేస్త్రీల తప్పు లేదన్నాను. ఇద్దర్నీ పిలిచిన యజమాని సంగతి వేరు.

ప్రసాద్: సరే, లూట్ అనే ప్రోగ్రాం పెడదాం. మాడ్‌ల వరసలన్నీ అదే సర్దుతుందట.

లలిత: పేరులోనే దోపిడీ ఉంది.

ప్రసాద్: దానికి ముందు ఉన్న దాని పేరు బాస్.

లలిత: బాస్ పోయి లూట్ వచ్చిందా! మా ఆఫీసులో ఆ రెండు పోస్టులూ ఒక్కరే చూస్తారు. ఏదైనా, లూట్ ప్లగిన్‌ల, అంటే మాడ్‌లు ఆటకి కలిపే ఫైళ్ల, వరస సర్దుతుంది, కాదనను. ఫలానాది ఫలానాదాని తర్వాత రావాలి అని చెబుతుంది. ఒకే కొంపకి ఇద్దరు మేస్త్రీలుంటే ఎవర్ని పంపించెయ్యాలో మాత్రం చెప్పదు. అది మనమే తేల్చుకోవాలి. ముందీ ఆట మొత్తం తీసేసి, ఆ ఫోల్డర్‌లో మిగిలిన చెత్త కూడా ఊడ్చేసి, మళ్లీ దింపి, మాడ్‌లు సర్దిపెట్టే మేనేజర్ ఒకటి పెట్టుకుందాం.

ప్రసాద్: వోర్టెక్స్.

లలిత: మాడ్ ఆర్గనైజర్ 2.

ప్రసాద్: నేను ముందన్నాను.

లలిత: ఆఖర్న అన్నవాళ్ల మాటే చెల్లుతుందని ఇప్పుడేగా చెప్పాను.

ప్రసాద్: మాడ్‌లు దొరికే నెక్సస్ సైటు ఉందే, వోర్టెక్స్ వాళ్లదే. సైటులో బటన్ నొక్కితే వచ్చి కూర్చుంటుంది. లూట్ పని కూడా లోపలే జరిగిపోతుంది. ఎక్కడ తగాదా ఉందో అదే చెబుతుంది, ఇది దాని తర్వాత అని మనం ఒక రూల్ పెడితే చాలు. నీ ఆర్గనైజర్ తెరిస్తే ఎడమ పక్కో జాబితా, కుడి పక్కో జాబితా. జమా ఖర్చుల పుస్తకంలా ఉంటుంది.

లలిత: నేను బతికేదే జమా ఖర్చుల మీద. ఎడమ పక్క మాడ్‌ల ఫైళ్లు, కుడి పక్క ప్లగిన్‌లు. పూర్తి ప్లగిన్‌లు 254 దాటకూడదు, తేలికవైతే 4096 దాకా పెట్టుకోవచ్చు. లెక్క కళ్లెదురుగా ఉంటుంది. అయినా రెండిటికీ అంత పోటీ ఏం లేదు. మొదటి మాడ్ ఆర్గనైజర్ రాసినాయనే తర్వాత వెళ్లి వోర్టెక్స్ పని చేశాడు.

ప్రసాద్: ఒక తండ్రి బిడ్డలా? మరి జనం ఇంతలా కొట్టుకుంటారేంటి?

లలిత: ఒక తండ్రి బిడ్డలు కాబట్టే. మీ పెద్దనాన్న పొలం గట్టు సంగతి మర్చిపోయారా?

ప్రసాద్: రై బాష్ అని ఇంకో మేనేజర్ కూడా ఉందిగా.

లలిత: తెరిచి చూశాను. మూసేశాను.

ప్రసాద్: అయితే వోర్టెక్సే. నాకు తేలిక.

లలిత: ఒక్క మాట అడుగుతాను. ఆట ఏ డిస్కులో ఉంది?

ప్రసాద్: చిన్న ఎస్‌ఎస్‌డీలో.

లలిత: అందులో ఎంత ఖాళీ ఉంది?

ప్రసాద్: పద్నాలుగు జీబీ.

లలిత: మీ చెట్ల మాడ్, కొండల మాడ్, గడ్డి మాడ్ కలిపి?

ప్రసాద్: ...నలభై.

లలిత: వోర్టెక్స్ మామూలుగా హార్డ్‌లింక్‌లు వేస్తుంది. ఒకే సామానుకి రెండు గదుల్లోంచి రెండు తలుపులు పెట్టినట్టు. చోటు రెండింతలు తినదు, మంచి పద్ధతే. కానీ రెండు గదులూ ఒకే ఇంట్లో ఉండాలి. మాడ్‌లు, ఆట ఒకే డ్రైవ్‌లో ఉంటేనే ఆ లింకులు పడతాయి. నలభై జీబీ గడ్డిని పద్నాలుగులో ఎక్కడ మేపుతారు?

ప్రసాద్: మరి నీదానికి చోటు అక్కర్లేదా?

లలిత: మాడ్‌లు పెద్ద డిస్కులో పడుంటాయి. ఆర్గనైజర్ ఆట ఫోల్డర్‌ని ముట్టుకోదు. ఆట నడిచినంతసేపూ మాడ్‌లన్నీ అక్కడే ఉన్నట్టు దాన్ని నమ్మిస్తుంది. ఆట ఆపేస్తే ఏమీ ఉండదు. మేకు కొట్టకుండా పటాలు తగిలించినట్టు.

ప్రసాద్: మన ఓనరు చూస్తే ముచ్చటపడతాడు.

లలిత: పైగా ప్రొఫైల్స్. మీకొకటి, నాకొకటి. ఎవరి మాడ్‌లు వాళ్లవి, ఎవరి సేవ్‌లు వాళ్లవి.

ప్రసాద్: అవి వోర్టెక్స్‌లోనూ ఉన్నాయి.

లలిత: ఉన్నాయి. కాకపోతే మీరు దిగి నేను ఎక్కిన ప్రతిసారీ మీ లింకులు పీకి నావి పెట్టాలి. ఇందులో పైన పేరు మారిస్తే చాలు.

ప్రసాద్: (కుర్చీ లాక్కుని కూర్చుంటూ) అంటే వేరు కాపురం పెడదామంటావు.

లలిత: ఒకే ఇంట్లో. అద్దె కలిసొస్తుంది.

ప్రసాద్: ఈ ఆట వచ్చింది 2011లో. మన పెళ్లీ అప్పుడే. దానికి 2016లో స్పెషల్ ఎడిషన్ వచ్చింది, 2021లో యానివర్సరీ ఎడిషన్ వచ్చింది. మనకేం వచ్చింది?

లలిత: మీ కంప్యూటర్ ఈఎంఐ. ఉండండి, చారు సంగతి చూసొస్తాను.

(వంటింట్లో మళ్లీ మూత చప్పుడు. వచ్చి కూర్చుంటుంది. తర్వాతి రెండు గంటలూ ఆట దిగుతూ ఉంటుంది, వీళ్లు పోట్లాడుకుంటూ ఉంటారు. అందులో రాయదగ్గవి తక్కువ.)

ప్రసాద్: నా మాడ్‌లన్నీ జాబితాలో పైకి లాగేశాను. ఇంటి పెద్దగా.

లలిత: లాగండి.

ప్రసాద్: ఏం, నవ్వుతావేంటి?

లలిత: ఇందులో కింద ఉన్నదే నెగ్గుతుంది. ఆ మెరుపు గుర్తు చూడండి. నెగ్గినదానికి పచ్చ ప్లస్, ఓడినదానికి ఎర్ర మైనస్. మీకన్నీ మైనస్‌లే.

ప్రసాద్: (హడావిడిగా కిందికి లాగుతూ) ముందే చెప్పచ్చుగా!

లలిత: పెద్దవారు, చెబితే బాగుండదని.

ప్రసాద్: సరే, అయిపోయింది. ఇదిగో మొదలుపెడుతున్నా. ...లలితా! ఏదీ లేదు! గడ్డి లేదు, చెట్లు లేవు, అంతా బోడిగా ఉంది! చూశావా నీ ఆర్గనైజర్!

లలిత: ఎక్కడ నొక్కారు?

ప్రసాద్: డెస్క్‌టాప్ మీద, ఎప్పుడూ నొక్కే చోటే.

లలిత: ఆర్గనైజర్ తెరిచి, అందులోంచి ఆటని మొదలుపెట్టే స్కైరిమ్ స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ నొక్కాలి. పెరటి గుమ్మంలోంచి వచ్చి హాల్లో పటాలు కనబడటం లేదంటే ఎలా? లేవండి, ముందు నా ప్రొఫైల్ చూసుకోవాలి.

(లోడ్ అవుతుంది. బ్రీజ్‌హోమ్. మంచం మేడ మీద. పొయ్యిలో మంట ఒక్కటే. ఫర్కాస్ మెట్లు దిగి వస్తున్నాడు.)

లలిత: హమ్మయ్య. నడుస్తున్నాడు, పాపం చిక్కిపోయాడు.

ప్రసాద్: అదే బొమ్మ లలితా, అంతే లావుంది.

లలిత: ఏదో వండి పెట్టాడు కూడా. మీరూ ఉన్నారు. పదండి, రెండయింది, తిందాం.

(భోజనం. ప్రసాద్ పప్పుచారు కలిపి ఒక ముద్ద పెట్టుకుంటాడు. ఆగిపోతాడు. నీళ్ల గ్లాసు అందుకుంటాడు.)

ప్రసాద్: ఇందులో ఉప్పు వేశావా?

లలిత: ఆ, చూడ్డానికి వెళ్లినప్పుడు వేశాను. ఏం?

ప్రసాద్: చూడ్డానికి నువ్వు నన్ను పంపినప్పుడు నేనూ వేశాను.

(ఇద్దరూ గిన్నెలోకి చూస్తారు.)

లలిత: కొత్తగా వేసినవి రెండూ ఉంటాయి.

ప్రసాద్: బంగాళాదుంప వేస్తే లాగేస్తుందంటారు.

లలిత: బంగాళాదుంపలు నిన్న తెమ్మన్నాను.

(ప్రసాద్ హాల్లోకి, వెలుగుతున్న కంప్యూటర్ వైపు చూస్తాడు.)

ప్రసాద్: ఇంతకీ ఆయనేం వండాడు?