సగటు పేరుతో మంచి పత్తి రైతు నోట్లో మట్టి కొడతారా?

మళ్లీ అదే పాట. పత్తి నాణ్యత చూసేటప్పుడు ఒక్కో బేలుకి (నొక్కి కట్టిన పత్తి మూటకి) విడివిడిగా కొలతలెందుకు, లాట్ (కలిపి అమ్మే బేళ్ల గుంపు) మొత్తానికి సగటు తీసి ఒకే నంబర్ రాసేస్తే పని తెమిలిపోతుంది కదా అంటున్నారు కొందరు. తెమిలేది ఎవరి పని, మునిగేది ఎవరు?

ఒకే చేను, ఒకే తీత అయితే సగటులో కొంత న్యాయం ఉంది. మెషిన్ రీడింగ్ ఒక్కోసారి అటూ ఇటూ అవుతుంది, నాలుగు శాంపిళ్ల సగటు తీస్తే ఆ తేడా సగానికి తగ్గుతుంది, కాదనం. కానీ వీళ్లు అడిగేది అది కాదే! వేర్వేరు చేలది, మొదటి తీతది ఆఖరి తీతది, ఎండింది తడిసింది, అంతా ఒకే గాటన కట్టేస్తామంటున్నారు.

లెక్క చూడండి. అమెరికా గ్రేడింగ్‌లో మైక్రోనేర్ (పింజ ఎంత మందం, ఎంత పండింది అని చెప్పే నంబర్) 3.5 నుంచి 4.9 దాకా ఉంటే రేటులో కోత ఉండదు, 3.7 నుంచి 4.2 మధ్య పడితే ప్రీమియం, అంటే పైన అదనపు రేటు. ఒక కుప్పకి 3.0 వచ్చింది, ఇంకోదానికి 5.2 అనుకుందాం. మొదటిది సరిగా పండని పింజ, ఉండలు కడుతుంది, రంగు పట్టదు. రెండోది మందం పింజ, సన్న నూలుకి పనికిరాదు. రెండూ రేటు కోయాల్సిన సరుకే. సగటు మాత్రం 4.1, అంటే ప్రీమియం! లేని మేలురకం పత్తి కాగితం మీద పుట్టుకొచ్చింది, రేపు బట్టకి రంగు అద్దాక చారలు తేలితే జవాబు చెప్పేదెవరు?

తేమ సంగతి ఇంకా ఘోరం. 8 శాతం కుప్ప, 16 శాతం కుప్ప కలిపి 12 అని రాసినంత మాత్రాన తడి కుప్ప ఆరిపోదు, లోపల వేడెక్కి పింజ పసుపెక్కుతుంది, గింజ కూడా పాడవుతుంది. తెల్లదోమ జిగురు అంటిన పత్తి అయితే కొన్ని బేళ్లు చాలు, మిల్లులో రోలర్లకి చుట్టుకుని మెషిన్లు ఆపేస్తుంది, సగటు ఎంత బాగున్నా సరే.

మా భయం ఒకటే, ఇది ఇక్కడితో ఆగదు. ఇవాళ ఒక లాట్ అంటారు, రేపు ఊరు మొత్తం, ఎల్లుండి సీజన్ మొత్తం. ఒకసారి అలవాటు చేశాక ఎవరూ వెనక్కి తీసుకోరు. మంచు ఆరేదాకా ఆగి, ఆకు ముక్క పడకుండా తీసి, ఆరబెట్టి తెచ్చిన రైతుకీ తడిది తెచ్చి కుమ్మరించినవాడికీ ఒకటే నంబర్ అయితే వచ్చే ఏడు ఎవరు ఆరబెడతారు?

సగటు తీయాల్సి వస్తే ఒకే చేను, ఒకే తీత దాటకూడదు. రీడింగ్ మిగతావాటికి బాగా దూరంగా ఉన్న బేలుకి దాని సొంత నంబరే ఉండాలి, సగటు పక్కన అన్నిటికన్నా తక్కువ, ఎక్కువ రీడింగులు కూడా రాయాలి. రైతు దగ్గర కొనేటప్పుడు కుప్ప అడుగు నుంచి పాడైన గుప్పెడు తీసి రేటు కోసే వ్యాపారులు, మిల్లుకి అమ్మేటప్పుడు సగటు కాగితం చూపించడం ఏం నీతి? ఒక్కో బేలు రీడింగ్ చేతిలో ఉంచుకుని దాచిపెట్టడానికి సిగ్గుండాలి.