మహారాజశ్రీ లీపు సెకను గారి సముఖానికి

సర్వర్లకు కాపలా కాసే మేమంతా నమస్కరించి చేసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. భూమి తిరుగుడుతో గడియారాల్ని కలపడానికి అప్పుడప్పుడు చేర్చే అదనపు సెకను తమరు. 2016 డిసెంబర్ 31 తర్వాత తమ దర్శనభాగ్యం మాకు కలగలేదు. కాబట్టి ఇక్కడ మేమంతా క్షేమం.

తమ పదవీ విరమణ ఖాయమైందని విన్నాం. భూమి తిరుగుడుకూ అణు గడియారానికీ మధ్య ఇప్పుడు అనుమతిస్తున్న తేడాను 2035లోగా పెంచాలని 2022 నవంబర్‌లో వెర్సాయ్‌లో కూర్చున్న తూనికలు కొలతల మహాసభ తీర్మానించింది. 2023లో దుబాయ్‌లో జరిగిన రేడియో సమావేశం కూడా తలూపింది. తేడాను పెంచితే ఇక తమరితో పని ఉండదు. ఈ సందర్భంగా తమ సర్వీసు రిజిస్టరు తిరగేశాం. 1972 జూన్ 30న కొలువులో చేరారు. ఇంతవరకు డ్యూటీకి వచ్చింది 27 సార్లు, అంటే యాభై ఏళ్లలో మొత్తం అర నిమిషం లోపు పని. ఇంత తక్కువ హాజరుతో ఇంతమంది నిద్ర చెడగొట్టిన ఉద్యోగి ఏ శాఖలోనూ లేడు.

అసలు తమ అవసరం ఎందుకొచ్చిందో చెప్పి తీరాలి. ఎందుకంటే తమరి పేరు చెప్పి "భూమి ఆగిపోతోందట" అని వాట్సాప్‌లో పంచేవాళ్లు ఎక్కువయ్యారు. సీజియం-133 పరమాణువు వికిరణం 9,192,631,770 సార్లు ఊగే కాలమే ఒక సెకను అని 1967లో తేల్చారు. చిక్కేమిటంటే, ఆ సెకను ఇంచుమించు 1820 ప్రాంతపు రోజు పొడవుకు సరిపోయేది. ఈలోగా చంద్రుడు సముద్రాల్ని లాగుతూ భూమికి బ్రేకు వేస్తూనే ఉన్నాడు. రోజు 86,400 సెకన్ల కన్నా 2 మిల్లీసెకన్లు ఎక్కువ ఉందనుకోండి, 500 రోజులకు ఒక సెకను బాకీ పడుతుంది. తమరు వచ్చి తీర్చేది ఆ బాకీనే. 27 సార్లు వచ్చారంటే రోజు 27 సెకన్లు సాగిందని కాదు. బాకీ 0.9 సెకను దాటకూడదని నియమం. దాటేలా ఉంటే పారిస్ నుంచి భూమి తిరుగుడు లెక్కలు చూసే ఐఈఆర్ఎస్ సంస్థ వాళ్లు ఆరు నెలల ముందు బులెటిన్ సీ పేరుతో చాటింపు వేస్తారు.

ఇలాంటి సర్దుబాటు మనవాళ్లకు కొత్తేమీ కాదు. సుమారు 32 నెలల 16 రోజులకో అధిక మాసం వచ్చి చాంద్రమానాన్నీ సౌరమానాన్నీ కలుపుతుంది. దాన్ని ఏళ్ల ముందే లెక్కకట్టి పంచాంగంలో వేసేస్తారు. ఆ నెలలో పెళ్లిళ్లు ఆగుతాయి గానీ ఎక్కడా ఏ యంత్రమూ ఆగదు. తమరితో ఆ సుఖం లేదు. భూమి తిరుగుడు సముద్రాల మీద, గాలుల మీద, లోపలి ద్రవ కేంద్రకం మీద ఆధారపడింది కనుక ఆరు నెలలకు మించి తమ రాకను ఎవరూ నమ్మకంగా చెప్పలేరు.

తమరు వచ్చే ముహూర్తం యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక కాలం ప్రకారం 23:59:60. మన గడియారంలో తెల్లవారుజాము 5:29:60. సర్వర్లు కాలాన్ని లెక్కపెట్టే యూనిక్స్ పద్ధతి పుస్తకంలో ఆ అంకెకు చోటే లేదు. దాని లెక్కలో ప్రతి రోజూ సరిగ్గా 86,400 సెకన్లే. తమరు గుమ్మంలో నిలబడితే సర్వర్లను నడిపే లినక్స్‌కు గుండెకాయైన కెర్నల్ చేసేదల్లా 59వ సెకనును రెండోసారి లెక్కపెట్టడం, అంటే కాలాన్ని ఒక సెకను వెనక్కి నడపడం. డేటాబేసులదీ తలో దారి. 23:59:60 అని రాసిస్తే పోస్ట్‌గ్రెస్ తర్వాతి నిమిషంలోకి తోసేస్తుంది. మైఎస్‌క్యూఎల్ చెల్లదు పొమ్మంటుంది.

2012 జూలై 1 ఆదివారం తెల్లవారుజామున జరిగింది తమరు మరిచిపోయి ఉంటారు. మేం మరవలేదు. కెర్నల్ గడియారాన్ని వెనక్కి జరిపింది గానీ, ఆ కబురు లోపలి టైమర్లకు అందించలేదు. అవి ఒక సెకను ముందే ఉండిపోయాయి. అర సెకను పడుకుని లేస్తానన్న ప్రోగ్రామును పడుకోకముందే లేపేశాయి. అది మళ్లీ పడుకోబోయింది, ఇవి మళ్లీ లేపాయి. జావా, మైఎస్‌క్యూఎల్ నడుస్తున్న యంత్రాల్లో సీపీయూ 100 శాతానికి ఎక్కి దిగనంది. రెడిట్ పడిపోయింది. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ చెక్-ఇన్ చేత్తో చేయాల్సి వచ్చింది. జర్మనీలోని హెట్జ్‌నర్ కంపెనీ అయితే తన డేటా సెంటర్లలో కరెంటు వాడకం ఒక్కసారిగా దాదాపు మెగావాట్ పెరిగిందని ఖాతాదారులకు ఉత్తరమే రాసింది. విరుగుడు చూడబోతే డేట్ కమాండుతో ఇప్పుడున్న టైమునే మళ్లీ సెట్ చేయడం! అలా చేస్తే కెర్నల్ "గడియారం మారింది" అని టైమర్లకు చెబుతుంది. మొదట చెప్పాల్సింది అదే.

2017 జనవరి 1న వెబ్‌సైట్లకు సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ వంతు వచ్చింది. గో భాషలో రాసిన వాళ్ల డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరుకు చిరునామా వెతికిపెట్టే) ప్రోగ్రాము, జవాబు రావడానికి పట్టిన సమయాన్ని ముగింపు లోంచి మొదలు తీసేసి లెక్కకట్టేది. తమరి పుణ్యాన ముగింపు మొదలు కన్నా ముందొచ్చింది, ఫలితం రుణ సంఖ్య అయింది. ఆ సంఖ్యను యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ఫంక్షన్‌కు ఇస్తే అది గుండె ఆగి పడిపోయింది. "సున్నాకు సమానమా" అని అడిగే చోట "సున్నా గానీ అంతకు తక్కువ గానీ" అని మార్చితే సరిపోయింది. ఆ ఏడాదే గో 1.9లో ఎప్పుడూ వెనక్కి నడవని మోనోటోనిక్ గడియారం చేరింది. సమయం ఎంత పట్టిందో కొలవాలంటే ఆ గడియారమే వాడాలి, గోడ గడియారం కాదు. ఇది ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. ప్రతి కోడులోనూ లేదు.

తమరిని గుమ్మంలోనే కరిగించేసే ఉపాయం కూడా కనిపెట్టారు. గూగుల్ పద్ధతిలో ముందు రోజు యూటీసీ మధ్యాహ్నం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా, అంటే మనకు సాయంత్రం 5:30 నుంచి సాయంత్రం 5:30 దాకా, ప్రతి సెకనునూ సుమారు 11.6 మైక్రోసెకన్లు సాగదీస్తారు. 24 గంటల్లో తమరు ఎవరికీ కనపడకుండా కలిసిపోతారు. బాగానే ఉంది, నెట్‌వర్కులో యంత్రాలకు టైము చెప్పే నాలుగు ఎన్‌టీపీ సర్వర్లలో రెండు సాగదీసేవీ రెండు సాగదీయనివీ పెట్టే మహానుభావుడు లేనంతవరకు. రెండు రకాల మధ్య తేడా అర్ధరాత్రి ముహూర్తానికి అర సెకను దాకా పోతుంది. ఎవరు నిజం చెబుతున్నారో యంత్రానికి తేలదు. యంత్రం రాసుకునే చిట్టాల్లో, అంటే లాగుల్లో, జవాబు ప్రశ్న కన్నా ముందు కనిపిస్తుంది. అన్నీ సాగదీసేవే పెట్టాలి, లేదా ఒక్కటీ పెట్టకూడదు. సాగదీయనివే పెట్టుకునేవాళ్లు టైము సరిచేసే క్రోనీ ప్రోగ్రాములో లీప్‌సెక్‌మోడ్ అనే అమరికను స్లూ అని ఉంచితే గడియారం వెనక్కి గెంతకుండా మెల్లగా సర్దుకుంటుంది.

జీపీఎస్ వాళ్లు తమరిని మొదటి నుంచీ గడప తొక్కనివ్వలేదు. 1980 జనవరి 6న మొదలైన వాళ్ల గడియారం ఇప్పుడు యూటీసీ కన్నా 18 సెకన్లు ముందుంది. మన నావిక్ గడియారానిదీ అదే దారి. రష్యా గ్లోనాస్ మాత్రం తమరిని ఇంట్లో పెట్టుకుని మర్యాద చేసింది, ఇప్పుడు పంపించడానికీ దానికే ఎక్కువ గడువు కావాలట.

ఇదంతా ఒక ఎత్తు. తమ తమ్ముడు క్షయ సెకను ఒక ఎత్తు. 2020 నుంచి భూమి కాస్త హుషారుగా తిరుగుతోంది. 2024 జూలై 5న రోజు 86,400 సెకన్ల కన్నా 1.66 మిల్లీసెకన్లు తక్కువైంది. ఇదే సాగితే ఒక సెకనును తీసేయాలి: 5:29:58 తర్వాత నేరుగా 5:30:00. ధ్రువాల మంచు కరగడం వల్ల ఆ అవసరం 2029 దాకా వెనక్కి జరిగిందని 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం లెక్క చెప్పింది. ఎన్‌టీపీ ప్యాకెట్టు మొదటి రెండు బిట్లలో 01 అంటే తమరు, 10 అంటే తమ్ముడు. ఆ 10 ఇంతవరకు ఒక్కసారి కూడా నిజంగా మోగలేదు. యూటీసీ 23:59:59కి లెక్క ముగించమని రాసిపెట్టిన ప్రోగ్రాములు ఎన్ని ఉన్నాయో, ఆ సెకనే లేని రోజున అవి ఏం చేస్తాయో పెద్ద ఎత్తున ఎవరూ ఆడించి చూసిందీ లేదు.

తమరు వెళ్లిపోతే కష్టాలు తీరతాయని సంబరపడేవాళ్లతో మాకు పేచీ ఉంది. బాకీ ఎక్కడికీ పోదు. తర్వాతి వందేళ్లకు అది నిమిషం అవుతుందో ఎంతవుతుందో, ఒక్కసారిగా తీర్చాల్సి రావచ్చు. ఏడాదిన్నరకో రెండేళ్లకో వచ్చే తమరికే సరైన కోడు రాయలేనివాళ్లం, శతాబ్దానికోసారి వచ్చే నిమిషానికి రాస్తామా? నిమిషానికి 60 సెకన్లే ఉంటాయని, కాలం ముందుకే నడుస్తుందని ఒట్టేసుకుని కోడు రాసింది మేము. ఆ కోడు తప్పని చెప్పడానికి వచ్చిన తమరికి ఉద్వాసన పలుకుతున్నదీ మేమే.

ఇట్లు,
తెల్లవారుజాము 5:29:59ని రెండుసార్లు చూసిన గడియారాల తరఫున.

తా.క. తమరి రాకపోకల జాబితా ఫైలుకు గడువు తేదీ ఉంటుంది. దాన్ని దాటితే టైము సరిచేసే ఎన్‌టీపీడీ ప్రోగ్రాము లాగులో "గడువు తీరింది" అని రోజూ గొణుగుతుంది. తమరు రావడం లేదని తెలుసుకోవడానికైనా ఏడాదికి రెండుసార్లు కొత్త ఫైలు దించుకోవాల్సి వస్తోంది.