పేపర్ల నోరు మూస్తే రోగం ఆగుద్దా?

ఇందాక మా చుట్టాల గ్రూపులో పెదనాన్న వరసయ్యే ఆయన ఒక మెసేజ్ పెట్టాడు, చదివిన దగ్గర్నుంచీ ఒళ్ళు మండిపోతోంది. కరోనా టైంలో జనాన్ని భయపెట్టి చంపింది టీవీలూ పేపర్లేనంట, ఇంకోసారి అలాంటి రోగం వస్తే ముందు వాటి నోరు మూయించాలంట. కింద వరసగా దండాలు, అవునవును అని.

అసలు అప్పుడు మూయించలేదని ఎవరు చెప్పారండీ? 2020 మార్చి 31న కేంద్రం సుప్రీంకోర్టులో అడిగింది అదే కదా, మా దగ్గర కనుక్కోకుండా కరోనా వార్తలు వెయ్యకుండా ఆర్డరివ్వండి అని. వలస కూలీలు రోడ్డెక్కడానికి కారణం ఫేక్ న్యూస్ అని వాదించారు! రాత్రి 8 గంటలకి చెప్పి 12కి దేశం మొత్తం మూసేస్తే, పని లేక, తిండి లేక, బస్సూ రైలూ లేక పిల్లల్ని భుజాన వేసుకుని నడిచినోళ్ళకి పేపరోడు చెప్పాలా నడవమని? చర్చకి అడ్డురామంటూనే సర్కారు చెప్పిందే వెయ్యండని కోర్టు కూడా మీడియాకే చెప్పింది.

డాక్టర్ సుధాకర్ గుర్తున్నాడా ఎవరికైనా? నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్లకి మత్తుమందు ఇచ్చే డాక్టరు. మాస్కులు లేవని కెమెరాల ముందు చెప్పినందుకు సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖ నడిరోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి పోలీసులు ఆటో ఎక్కించిన వీడియో చూశాం కదా అందరం. హైకోర్టు ఆ కేసు సీబీఐకిచ్చింది, ఏడాది తిరిగేసరికి మనిషే పోయాడు. ఆయన ఆ రోజు ఎలా ఉన్నాడు, ఏం మాట్లాడాడు అని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు, నాకది అనవసరం. అది చూశాక ఏ డాక్టరు, ఏ నర్సు రిపోర్టర్‌కి ఫోన్ చేసి మా దగ్గర ఆక్సిజన్ అయిపోతోందని చెప్తారు? పేపర్ని ఆపాలంటే పేపర్ మీదే కేసు పెట్టక్కర్లేదు, చెప్పేవాడిని భయపెడితే చాలు, వార్తే పుట్టదు.

ఆ భయం ఎక్కడ తేలిందో తెలుసా, లెక్కల్లో. తెలంగాణ చెప్పిన కరోనా మరణాలు 4 వేల లోపు, కరోనాతో పోయినవాళ్ళ ఇంటికిచ్చే 50 వేల రూపాయల పరిహారానికి 2022 జనవరి నాటికి వచ్చిన అప్లికేషన్లు దాదాపు 29 వేలు. గుజరాత్‌లో రిపోర్టర్లు శ్మశానాల దగ్గర నిలబడి శవాలు లెక్కపెట్టారు కాబట్టి సర్కారు లెక్కకీ కాలుతున్న చితులకీ పొంతన లేదని అప్పుడే తెలిసింది. గంగలో తేలిన శవాల గురించి రాసిన హిందీ పేపర్ దైనిక్ భాస్కర్ ఆఫీసుల మీద 2021 జులైలో ఐటీ దాడులు జరిగాయి. అదే వారం ఆక్సిజన్ అందక ఎవరైనా పోయారని రాష్ట్రాలు ప్రత్యేకంగా చెప్పలేదని కేంద్రం పార్లమెంటులో జవాబిచ్చింది. ఆ ఏప్రిల్లో ఒక్క సిలిండర్ కోసం ఊరంతా తిరిగినోళ్ళం మనం, మనకి చెప్తున్నారు ఈ మాట!

అయినా కరోనా ఒక సాకు. 2019 అక్టోబర్లోనే ఆంధ్రాలో జీవో 2430 తెచ్చారు, వార్త నచ్చకపోతే ఏ శాఖ సెక్రటరీ అయినా కేసు పెట్టొచ్చని. 2007లో తెచ్చిన జీవో 938 కూడా ఇలాంటిదే. అప్పుడు చప్పట్లు కొట్టినోళ్ళు, కుర్చీ మారాక ఏడ్చినోళ్ళు అందరూ నాకు తెలుసు, మా గ్రూపులోనే ఉన్నారు.

ఇంకో కోపం కూడా ఉంది, అది పేపర్ల ఓనర్ల మీద. స్వేచ్ఛ స్వేచ్ఛ అని ఎడిటోరియల్ రాస్తారు, మండలాల్లో తిరిగే కంట్రిబ్యూటర్‌కి మాత్రం జీతం ఉండదు, ఇన్సూరెన్స్ ఉండదు, యాడ్స్ టార్గెట్ ఒకటి మెడకి కట్టి వదిలేస్తారు. లాక్‌డౌన్‌లో జిల్లా పేజీలు తగ్గించి డెస్కులో ఉన్నవాళ్ళని ఇంటికి పంపారు. ఆస్పత్రుల చుట్టూ తిరిగి రోగం అంటించుకుని పోయిన విలేకరికి ఐడీ కార్డు తప్ప ఉద్యోగి అని చూపించే కాగితం ఒక్కటీ లేదు. ఆ ఇంట్లో వాళ్ళకి ఏమిచ్చారో ఏ పేపరూ తన పేజీలో వెయ్యలేదు, అడిగే ధైర్యం యూనియన్లకీ లేకపోయింది.