రేషియో కుదరలేదు తమ్ముడూ

మొన్న ఇక్కడ కాలిఫోర్నియాలో మన తెలుగు సంఘం దీపావళి డిన్నర్‌లో రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చున్నది నేనే. మెడలో వాలంటీర్ బ్యాడ్జి, చేతిలో రిస్ట్‌బ్యాండ్ల కట్ట. ఆరుంపావుకి నలుగురు కుర్రాళ్లు వచ్చారు. ఎమ్మెస్ చదువుతున్న పిల్లలు, ఒకే కారులో రెండు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వచ్చారట. ఒకడి లాల్చీ మీద పెట్టెలో పెట్టినప్పటి మడతలు అలాగే ఉన్నాయి. "అంకుల్, వెబ్‌సైట్‌లో సింగిల్ టికెట్ కనపళ్లేదు. ఇక్కడ కొనుక్కోవచ్చేమోనని వచ్చాం" అన్నాడు.

ఈ ఏడాది సింగిల్ టికెట్లు తీసేశాం కదా. ఫ్యామిలీ, కపుల్, సీనియర్స్, అంతే. ఆగస్టులోనే కమిటీ తీర్మానించింది, వాట్సాప్ గ్రూపులో మీరంతా బొటనవేళ్లు పెట్టారు. నేనూ చెయ్యెత్తినవాణ్నే.

"డీజేకి ఉండం అంకుల్. భోంచేసి వెళ్లిపోతాం" అన్నాడు లాల్చీ కుర్రాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి నుంచి గుత్తివంకాయ కూర ఘుమఘుమ. "రూల్స్ తమ్ముడూ, నా చేతిలో ఏం లేదు" అన్నాను. అంటూ నలుగుర్నీ ఓసారి ఎగాదిగా చూశాను. ముందు బూట్లు చూశాను, తర్వాత మొహాలు.

బూట్లెందుకు చూశానో ఆ రాత్రి ఇంటికొచ్చి పడుకోబోతుంటే వెలిగింది. ఆ చూపు నాకు లాస్ వేగాస్‌లో అంటుకుంది.

మే నెలాఖరున మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌కి మూడు కుటుంబాలం వేగాస్ వెళ్లాం. మా బావమరిదికి నలభై నిండాయి. "బావా, ఎప్పుడొచ్చినా బెల్లాజియో ఫౌంటెన్లు, బఫే, పిల్లలకి ఐస్‌క్రీమ్, ఇంతేనా? ఈసారి క్లబ్బుకెళ్దాం" అన్నాడు. పెళ్లికాని తన స్నేహితులిద్దర్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. పులిహోర డబ్బాలతో బయల్దేరి, టెహాచపి కొండ దాటి, బార్‌స్టోలో ఆగి పెరుగన్నం తిని, చీకటిపడే వేళకి పెద్ద క్యాసినోలన్నీ ఉండే స్ట్రిప్ రోడ్డు చేరాం. మా తోడల్లుడు అప్పటికే ఇన్‌స్టాగ్రామ్‌లో క్లబ్బుకి మనుషుల్ని తెచ్చే ఒక ప్రమోటర్ని పట్టుకున్నాడు. "పేర్లు గెస్ట్‌లిస్ట్‌లో పెట్టాను. పదిన్నరకల్లా లైన్లో ఉండండి. ఈవెన్ రేషియో" అని మెసేజ్ వచ్చింది. ఆ చివరి మాట మాలో ఎవరూ పట్టించుకోలేదు. రేషియో అంటే మాకు తెలిసింది ఇడ్లీకి మినప్పప్పు ఎంత, రవ్వ ఎంత అన్నదే.

ఆడవాళ్లు రాం అన్నారు, కాళ్లు నొప్పులని. మగాళ్లం ఐదుగురం తయారయ్యాం. ఆ క్లబ్బు పేరు రాయను, ఎలాగూ స్ట్రిప్ మీద పెద్ద క్లబ్బులన్నీ ఇదే పద్ధతి. క్యాసినోలో స్లాట్ మెషీన్ల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్తే ఒకచోట కార్పెట్ మీద ఇత్తడి స్తంభాలు, వాటికి ముఖమల్ తాళ్లు, మూడు లైన్లు. తిరుమల వెళ్లొచ్చిన మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. గెస్ట్‌లిస్ట్ అంటే సర్వదర్శనం. ఆన్‌లైన్‌లో ముందే టికెట్ కొన్నవాళ్లది 300 రూపాయల లైను. టేబుల్ బుక్ చేసుకున్నవాళ్లది బ్రేక్ దర్శనం, వాళ్లు కనపడగానే తాడు పైకి లేస్తుంది. కాకపోతే కొండమీద ఎన్ని గంటలు నిలబెట్టినా కంపార్ట్‌మెంట్‌లోకి పాలు తెచ్చిస్తారు, చివరికి లోపలికి పంపిస్తారు. సిఫారసు ఉత్తరాల గొడవ మీద నేను ఇదే పత్రికలో ఒకప్పుడు గట్టిగా రాశాను. ఆ రాత్రి గంటన్నర నిలబడ్డాక కొండమీద క్యూ మీద మళ్లీ ప్రేమ పుట్టింది.

మా వంతు వచ్చింది. నల్ల సూటు, చెవిలో వైరు, చేతిలో చిన్న టార్చి. ఆ మనిషి ముందు టార్చి కిందకి కొట్టాడు. మా బావమరిది ఆ రోజే అవుట్‌లెట్‌లో కొన్న తెల్ల స్నీకర్లు తళతళలాడాయి. "ఈ బూట్లతో కుదరదు" అన్నాడు. తర్వాత ఐడీలు. స్నేహితుల్లో ఒకతని లైసెన్సు పట్టుకుని ఆగిపోయాడు. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడిన పాపానికి వీసా మీద, ఆ తర్వాత లైసెన్సు మీద, మొదటి పేరుండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని అచ్చయింది, అంటే 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్', మొదటి పేరు తెలియదని. మనలో ఎంతమంది ఇళ్లలో ఈ ఎఫ్ఎన్‌యూలు లేరు! "ఫ్నూ? నీ పేరు ఫ్నూనా?" అన్నాడు సూటువాడు, వెనకవాళ్లకి వినపడేలా. వాళ్లు నవ్వారు. నిజం చెప్పాలంటే మా తోడల్లుడు కూడా నవ్వాడు.

"ఎంతమంది?"

"ఐదుగురం."

"లేడీస్?"

"రూములో ఉన్నారు."

దీనికి మాత్రం సూటువాడే నవ్వాడు. టేబుల్ తీసుకుంటే వెంటనే పంపిస్తానన్నాడు. కనీసం 1500 డాలర్లు, దాని మీద సేల్స్ టాక్స్, సర్వీస్ ఛార్జి, టిప్పు. నేను నోట్లోనే లెక్క వేస్తే రెండు వేలు సులువుగా దాటింది. మా చిన్నదాని కూచిపూడి క్లాసులకి ఏడాదికి కట్టేది అంతకంటే తక్కువ.

మా ఆవిడకి ఫోన్ చేశాను. పిల్లల్ని మా పెద్దమ్మాయికి అప్పజెప్పి ముగ్గురు ఆడవాళ్లూ కిందకి దిగారు. సూటువాడు తాడు ఎత్తాడు, "లేడీస్, ఇటు రండి" అని. వాళ్లకి ఐడీ తప్ప ఏమీ అడగలేదు, డబ్బు అసలే లేదు. మా వైపు తిరిగి "ముగ్గురికి ముగ్గురు. మీలో ముగ్గురు రండి. ఆ ఇద్దరు రేషియోలో రారు" అన్నాడు. ఆ ఇద్దరంటే ఎవరో వేరే చెప్పాలా.

"పర్లేదన్నా, మీరెళ్లండి. మేం పిజ్జా తింటాం" అన్నాడు ఎఫ్ఎన్‌యూ. అని అక్కడే కార్పెట్ మీద కూర్చుని తన నల్ల బూట్లు విప్పి మా బావమరిదికిచ్చాడు. "బర్త్‌డే నీది కదరా." వాడి స్నీకర్లు వీడు తొడుక్కున్నాడు. ఒక సైజు పెద్దవి. ఆ తెల్ల బూట్లు టపటపలాడించుకుంటూ ఇద్దరూ ఫుడ్‌కోర్టు వైపు వెళ్లిపోయారు. మేం లోపలికి వెళ్లాం. వెళ్లకుండా ఉండాల్సింది అని అప్పుడు నాకు తట్టలేదు, రాసుకోవడానికి సిగ్గేస్తున్నా రాస్తున్నాను.

లోపల సంగతి చెప్పాలంటే, నన్ను తడిమి చూసిన సెక్యూరిటీ మనిషికి నా కోటు జేబుల్లో మా ఆవిడ ఫ్లాట్ చెప్పులు దొరికాయి, ఒక్కో జేబులో ఒక్కోటి. అతను వాటిని చాలా సేపు చూసి మళ్లీ జేబులో పెట్టాడు. కూర్చునే చోటల్లా టేబుల్ కొన్నవాళ్లదే. శబ్దం గుండెలో కొడుతోంది. మా ఆవిడ నా చెవిలో అరిచింది: "మనకి చూపించడానికి పిలిచారనుకున్నా. మనల్ని చూపించడానికి పిలిచారు." నలభై నిమిషాల్లో బయటపడ్డాం.

వెళ్లాలనుకునేవాళ్లకి నాకు తెలిసింది చెప్పేస్తాను. వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో 21 నిండాలి. అసలు ఐడీ ఉండాలి, ఫోన్‌లో ఫొటో నమ్ముకోవద్దు. ఇండియా నుంచి వచ్చిన బావలు, మరదళ్లు పాస్‌పోర్ట్ రూములో వదిలి రావద్దు. కాలరున్న చొక్కా, తోలు బూట్లు. లాంగ్ వీకెండ్ కాకుండా మామూలు వారం మధ్యలో వెళ్తే సగం బాధ తప్పుతుంది. తలుపు దగ్గర కట్టే కవర్ ఛార్జి మీద రాష్ట్రం వాళ్లు 9 శాతం వినోదపు పన్ను వేస్తారు. ప్రమోటర్ మీ స్నేహితుడు కాదు, మనుషుల్ని తెచ్చినందుకు అతనికి డబ్బులొస్తాయి. ఇక గెస్ట్‌లిస్ట్‌లో పేరుంటే సీటు ఖాయమైనట్టు అనుకోవద్దు, రైల్వే వెయిటింగ్ లిస్టు నయం.

క్లబ్బు వాళ్లని తిట్టడం సులువు. వాళ్ల లెక్క వాళ్లకుంది. పేరున్న డీజేలకి ఇచ్చే డబ్బు టేబుళ్ల మీద రావాలి. టేబుళ్లు కొనేది ఎక్కువగా మగాళ్లు. చుట్టూ మగాళ్లే ఉంటే వాళ్లు కొనరు. అందుకే ఆడవాళ్లకి ఫ్రీ. ఇది వేగాస్ కనిపెట్టిన విద్య కాదు. 1977లో న్యూయార్క్‌లో స్టూడియో 54 అనే నైట్‌క్లబ్ తెరిచినప్పుడు యజమానుల్లో ఒకడైన స్టీవ్ రూబెల్ స్వయంగా తలుపు దగ్గర నిలబడి వేలు చూపించి మనుషుల్ని ఏరుకునేవాడు. ఆ ఏడాది చివరి రాత్రి, పిలుపు మీద వచ్చిన నైల్ రోజర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ అనే సంగీతకారుల్ని లోపలికి పోనివ్వలేదు. వాళ్లు మండిపోయి ఇంటికెళ్లి ఆ కోపంలోనే ఒక పాట కట్టారు. మరుసటి ఏడాది అది అమెరికాలో నంబర్ వన్ అయింది. మా ఎఫ్ఎన్‌యూకి పాటలు రావు, పాపం.

ఇంకో సంగతి. మనముండే కాలిఫోర్నియాలో ఆడామగా తేడా చూసి ధర మార్చడం కుదరదు. ఒక కార్‌వాష్, ఒక నైట్‌క్లబ్ ఆడవాళ్లకి తగ్గింపు ఇస్తే, అన్‌రూ పౌరహక్కుల చట్టం ప్రకారం అది చెల్లదని 1985లోనే రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. నెవాడా చట్టం మాత్రం ప్రచారం కోసమైతే అలాంటి ధరలు పెట్టుకోనిస్తుంది. అంటే రాష్ట్రం సరిహద్దు దాటితేనే రేషియో మొదలవ్వాలి. మనం దాన్ని కారులో పెట్టుకుని స్కూలు ఆడిటోరియం దాకా తెచ్చుకున్నాం.

నిజానికి ఇది వేగాస్ నుంచే తెచ్చుకున్నామని కూడా అనలేను. జూబ్లీహిల్స్ పబ్బుల్లో 'స్టాగ్స్ నాట్ అలవ్డ్' (ఆడతోడు లేని మగాళ్లకి ప్రవేశం లేదని), కపుల్ ఎంట్రీ మనకి తెలియనివా? అంతకుముందు టులెట్ బోర్డులున్నాయి, 'ఫ్యామిలీస్ ఓన్లీ' అని. 2001లో దిల్‌సుఖ్‌నగర్‌లో నేనూ ఇంకో ఇద్దరం రూము కోసం పదకొండు ఇళ్ల గేట్లు తట్టాం. బ్యాచిలర్స్ అనగానే గేటు సగంలోనే ఆగేది. ఈ అలవాటుని ఉతికి ఆరేద్దామనే ఈ వ్యాసం మొదలుపెట్టాను. కానీ పన్నెండో ఇంటి ఆంటీ గుర్తొచ్చి చెయ్యి ఆగింది. ఆవిడా ముందు ఇవ్వననే అంది. తర్వాత టెర్రస్ మీద రేకుల గది ఇచ్చింది, పదింటికి గేటు తాళం అంది, ఆదివారం సాంబారు గిన్నె పైకి పంపేది. గిన్నె కడిగివ్వకపోతే మెట్ల కింద నిలబడి తిట్టేది. షరతులు పెట్టింది గానీ లోపలికి రానిచ్చింది. మా ఊళ్లో పెళ్లి పంక్తుల్లో వడ్డన చేసేదీ పెళ్లికాని కుర్రాళ్లే. సాంబారు బకెట్లు వాళ్ల చేతికే ఇస్తాం, మరి డిన్నర్ టికెట్ ఎందుకివ్వం?

కమిటీ ఈ నిర్ణయం ఊరికే తీసుకోలేదు, అది నాకు తెలుసు. పోయిన ఏడాది డీజే మొదలయ్యాక స్టేజీ ముందు కొందరు గుంపుగా చేరి, డ్యాన్స్ చేస్తున్న అమ్మాయిల్ని ఫోన్లలో వీడియో తీశారు. ఇద్దరు తల్లులు ఫిర్యాదు చేశారు. అందులో ఒకరు మా ఆవిడ. మా పెద్దమ్మాయి ఆ గుంపు ముందునుంచి దిగి వచ్చేసింది. కాబట్టి ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే ముందు నాకే కోపమొస్తుంది. పైగా హాలుకి 450 మంది పరిమితి ఉంది, ఎవరో ఒకరిని ఆపక తప్పదు.

కానీ ఆ వీడియోలు తీసినవాళ్లలో ఒకాయన ఫ్యామిలీ టికెట్ మీద వచ్చిన పెద్దమనిషి. పేరు రాయను, కమిటీకి తెలుసు. ఆయన ఈ ఏడాదీ వచ్చాడు, నేనే రిస్ట్‌బ్యాండ్ కట్టాను, భార్య పక్కనుంది కదా మరి. ఆ నలుగురు మాత్రం పార్కింగ్ లాట్‌లో కాసేపు కారు లైట్లేసుకుని ఉండి వెళ్లిపోయారు.

సంక్రాంతి సంబరాలకి ఇంకా టికెట్లు తెరవలేదు కాబట్టి అడుగుతున్నాను. సింగిల్ టికెట్ మళ్లీ పెట్టండి. విద్యార్థులకి సగం ధరకివ్వండి, మనమూ రెండు సూట్‌కేసులతో దిగినవాళ్లమే. ఎవరొస్తున్నారో పేరూ ఫోన్ నంబరూ తీసుకోండి, ఎఫ్ఎన్‌యూ అనున్నా సరే తీసుకోండి. స్టేజీ ముందు మహిళా వాలంటీర్లని పెట్టండి. ఫోన్ ఎత్తి అమ్మాయిల్ని వీడియో తీసేవాణ్ని, ఏ టికెట్ మీద వచ్చినా సరే, బయటికి పంపండి. ఆ నలుగురిలో ఒకడైనా ఈ పత్రిక చూస్తే, బాబూ, ఆ రోజు నాది తప్పు. సంక్రాంతికి రండి, వడ్డన దగ్గర పని కూడా ఉంది.

సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టడానికి ఇరవై సంతకాలు కావాలన్నారు. ఇప్పటికి పదకొండు వచ్చాయి, మా బావమరిదిది, తోడల్లుడిది కలిపి. మా ఆవిడది ఇంకా రాలేదు. మహిళా వాలంటీర్ల సంగతి కాగితం మీద రాసి చూపిస్తేనే పెడతానంది.